సంతకం ఒకరిది, సంపాదన ఒకరిది

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్లు అడిగినప్పుడు ఫుట్‌బాల్ గురించి రాస్తానన్నాను. వాళ్లు నవ్వారు. గోల్ స్తంభాలకు తాడు కట్టి దుప్పట్లు ఆరేసుకునే హాస్టల్ మనది, నవ్వక ఏం చేస్తారు! అయితే నేను రాయబోయేది ఆట గురించి కాదు. ఆట అయిపోయిన తర్వాత జరిగే బేరం గురించి. రిటైరైన ఆటగాడి సంతకం, అతను విప్పి ఇచ్చిన చొక్కా, అతని మెడలో పడిన పతకం, వీటిని సేకరించేవాళ్లున్నారు, కొనేవాళ్లున్నారు, అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని మన గదిలో ఒక రాత్రి చాలాసేపు వాదన నడిచింది. అక్కడ మాటకు మాట అడ్డొచ్చి పూర్తిగా చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. సంతకం వెంట పడడం మనకు కొత్త కాదు. పదో తరగతి పూర్తయ్యే రోజుల్లో పది రూపాయల ఆటోగ్రాఫ్ పుస్తకం కొని గులాబీ పేజీ ఒకరికి, పచ్చ పేజీ ఒకరికి ఇచ్చి రాయించుకున్నవాళ్లమే. అంతకన్నా ఎక్కువగా మన సీనియర్లు వెంటపడిన సంతకం గెజిటెడ్ అధికారిది! కుల ధ్రువీకరణ పత్రం నకలు మీద ఆకుపచ్చ సిరా సంతకం కోసం మండల ఆఫీసు మెట్ల మీద రోజంతా కూర్చున్న అన్నలు ఎందరో. స్వీయ ధ్రువీకరణ వచ్చాక ఆ బాధ చాలావరకు తప్పింది. ఇక మా ఇంటి సంగతి చెప్పాలంటే మా నాన్న వేలిముద్ర మనిషి. స్కాలర్‌షిప్ ఫారంలో 'తండ్రి సంతకం' అన్న గీత మీద ఊదారంగు ముద్ర పడేది. ఆ ముద్ర చుట్టూ 'ఎడమచేతి బొటనవేలు' అని రాసింది ఆరో తరగతి చదువుతున్న నేనే. అందుకని ఒక మనిషి తన పేరు తాను రాసి ఇవ్వడమంటే నాకు మొదటి నుంచీ గౌరవం. దాన్ని అద్దం కట్టి దాచుకునేవాణ్ణి చూసి నవ్వలేను.

వాదన ఎక్కడ మొదలైందంటే మారడోనా చొక్కా దగ్గర. 1986 జూన్ 22న మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియంలో అర్జెంటీనా, ఇంగ్లండ్ జట్ల మధ్య ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ జరిగింది. మారడోనా చేత్తో కొట్టిన గోలు, ఆ తర్వాత నాలుగు నిమిషాలకు సగం మైదానం దాటుకుంటూ వెళ్లి కొట్టిన గోలు రెండూ ఆ ఆటలోవే. మొదటి గోలు కథ అందరికీ తెలుసు. కానీ ఆ బంతిని గాల్లోకి లేపింది ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్ అన్న సంగతి చాలామందికి తెలియదు. తమ గోల్ వైపు అతను తన్నిన బంతి వంకరగా పైకి లేచి మారడోనా మీదికి పోయింది. ఆట ముగిశాక అదే హాడ్జ్ వెళ్లి మారడోనాతో చొక్కా మార్చుకున్నాడు. ఓడినవాడు గెలిచినవాడి చొక్కా అడగడంలో చిన్నతనం లేదు, అది ఫుట్‌బాల్‌లో మర్యాద.

ఆ చొక్కాను హాడ్జ్ ఏళ్ల తరబడి తన దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత దాదాపు 20 ఏళ్ల పాటు ఇంగ్లండ్ జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియంలో ప్రదర్శనకు ఇచ్చాడు. మారడోనా 2020 నవంబరులో చనిపోయాడు. 2022 మే నెలలో సదబీస్ సంస్థ వేలంలో ఆ చొక్కా 71 లక్షల పౌండ్లకు పైగా పలికింది. మన లెక్కలో 65 కోట్ల రూపాయల పైమాటే! వేలానికి ముందు మారడోనా కూతురు ఒకరు ఇది మొదటి సగంలో వేసుకున్న చొక్కా, గోల్స్ కొట్టిన రెండో సగానిది కాదని అభ్యంతరం చెప్పారు. వేలం సంస్థ ఆనాటి ఫొటోలతో చొక్కా మీది గుర్తులను పోల్చి చూపించి అదేనని చెప్పింది. అదే ఏడాది నవంబరులో ఆ ఆటకు రిఫరీగా ఉన్న ట్యునీషియా దేశస్థుడు అలీ బిన్ నాసర్ తన దగ్గర దాచుకున్న ఆనాటి బంతిని వేలానికి పెడితే అది 20 లక్షల పౌండ్లు తెచ్చింది. చేత్తో కొట్టిన గోలును గోలేనని ఒప్పుకున్న రిఫరీ ఈయనే. 2015లో మారడోనా ట్యునీషియా వెళ్లినప్పుడు ఈయన ఇంటికి పోయి, స్నేహితుడని రాసి సంతకం పెట్టిన చొక్కా కానుకగా ఇచ్చాడు. పాపం, ఇంగ్లండ్ వాళ్లకు ఆ స్నేహం చూసి ఎలా ఉండి ఉంటుందో!

ఈ అంకెలు విని మన తమ్ముడొకడు, "హాడ్జ్ మోసగాడన్నా, ఒకడి చెమటను ఇంకొకడు అమ్ముకున్నాడు" అన్నాడు. ఇంకొకడు, "అమ్మినోడు కాదు, కొన్నోడు పిచ్చోడు" అన్నాడు. మూడోవాడు పెద్ద మాటే అన్నాడు: "పరాయి చొక్కా అమ్మితే పోనీ. కొందరు తమ సొంత పతకాలే అమ్ముకున్నారట. సిగ్గులేదా?" ఈ మూడో మాట దగ్గరే నాకు పేచీ.

సొంత పతకాలు అమ్ముకున్నవాళ్లు ఎవరో చూద్దాం. 1966లో ఇంగ్లండ్ ప్రపంచ కప్ గెలిచింది. ఇంతవరకు ఆ దేశ పురుషుల జట్టు గెలిచిన ప్రపంచ కప్ అదొక్కటే. వెంబ్లీ మైదానంలో పశ్చిమ జర్మనీ మీద 4-2తో గెలిచిన ఆ పదకొండు మంది పేర్లు అక్కడి పిల్లలు ఎక్కాల్లా అప్పజెబుతారు. ఆ పదకొండు మందిలో చాలామంది తర్వాత తమ పతకాలను వదులుకున్నారు. కుడి పక్క కాపుదారు జార్జ్ కోహెన్ పతకాన్ని 1998లో అతను ఆడిన ఫుల్హమ్ క్లబ్బే 80 వేల పౌండ్లకు తీసుకుంది. గోల్‌కీపర్ గోర్డన్ బ్యాంక్స్ 2001లో అమ్మితే లక్షా 24 వేల 750 పౌండ్లు వచ్చాయి. ఎడమ పక్క ఆడిన రే విల్సన్ పతకం 2002లో వేలానికి వచ్చింది. ఆట మానేశాక విల్సన్ చేసిన పని ఏమిటో తెలుసా? శవపేటికలు సిద్ధం చేసి అంత్యక్రియలు జరిపించే పని. ప్రపంచ విజేత! జట్టులో అందరికన్నా చిన్నవాడు అలన్ బాల్ 2005లో అమ్మాడు, పిల్లల కోసం. నాబీ స్టైల్స్ 2010లో అమ్మాడు. ఆ పతకాన్ని అతని పాత క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ లక్షా 60 వేల పౌండ్లకు కొని తన మ్యూజియంలో పెట్టుకుంది.

వాళ్లకు ఈ అవసరం ఎందుకు వచ్చింది? ఇప్పటి ఆటగాళ్ల జీతాలు చూసి ఆ కాలాన్ని ఊహించుకోకూడదు. ఇంగ్లండులో 1961 వరకు ఫుట్‌బాల్ ఆటగాడికి వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదని నిబంధన ఉండేది. ఎంత గొప్పగా ఆడినా, లక్షమంది టికెట్ కొని చూసినా అంతే. ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడితేగాని ఆ నిబంధన పోలేదు. 1966 విజయానికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం మొత్తం జట్టుకు ఇచ్చిన బహుమానం 22 వేల పౌండ్లు. ఆడినవాళ్లు, ఆడకుండా బయట కూర్చున్నవాళ్లు అని తేడా చూడకుండా 22 మంది తలా వెయ్యి పంచుకున్నారు. ఆదివారం గుడ్లు తక్కువ పడితే మనం పంచుకున్నట్టే! పతకం మాత్రం పంచుకునే వస్తువు కాదు కదా. అది ఫైనల్ ఆడిన పదకొండు మందికే ఇచ్చారు. మిగతా పదకొండు మందికి 2009లో, అంటే 43 ఏళ్ల తర్వాత ఇచ్చారు. అలా ఆలస్యంగా అందుకున్నవాళ్లలో పెద్ద ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్. ఆయన దాన్ని 2014లో అమ్మేశాడు.

ఇప్పుడు సిగ్గు మాట. మనలో ఎంతమంది అమ్మల మెడలో పుస్తెలు నికరంగా ఉన్నాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నా డిగ్రీ మొదటి ఏడు మా అమ్మ పుస్తెలు కుదువ కొట్టులో ఉన్నాయి. మెడలో పసుపుకొమ్ము కట్టుకుని పత్తి ఏరడానికి పోయింది. ఊళ్లో ఒకరిద్దరు మూతి విరిచారు. అయినా కొడుకు చదువుకు పుస్తెలు కుదువపెట్టిన తల్లిని మన వాడల్లో ఎవరూ సిగ్గులేనిదనరు. పుస్తెల విలువ ఆమెకు తెలియక కాదు. తెలిసే పెట్టింది. ముగ్గురు కొడుకులకు ఏదో ఒకటి మిగల్చాలని తన మెడలో పడిన పతకాన్ని అమ్మిన స్టైల్స్‌ను మాత్రం నిలదీస్తామా? పతకం అమ్మితే 1966 పోదు. రికార్డుల్లో ఆ పేరు అలాగే ఉంటుంది. సిగ్గుపడాల్సింది ఎవరయ్యా అంటే, ఆ మనుషుల ఆట మీద తరాల తరబడి టికెట్లు అమ్మి, ముసలితనంలో వాళ్ల వైపు చూడని సంఘాలు, క్లబ్బులు. పాత క్లబ్ పతకం కొని అద్దాల్లో పెట్టింది, సంతోషమే. ఆ డబ్బు పింఛను రూపంలో ముందే ఇచ్చి ఉంటే పతకం ఆ ఇంటి గోడకే వేలాడేది గదా!

స్టైల్స్ కథ ఇంకా ఉంది. అతనికి చివరి సంవత్సరాల్లో మతిమరుపు జబ్బు వచ్చింది. 2020 అక్టోబరులో చనిపోయాక మెదడును పరీక్షిస్తే తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే నష్టం కనిపించింది. అతనొక్కడే కాదు. రే విల్సన్, మార్టిన్ పీటర్స్, జాక్ చార్ల్‌టన్, బాబీ చార్ల్‌టన్, ఆ పదకొండు మందిలో ఇంతమందికి అదే రకం జబ్బు. 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయం డాక్టర్లు 7,676 మంది స్కాట్లండ్ మాజీ ఆటగాళ్ల వివరాలు పరిశీలించారు. ఇలాంటి మెదడు జబ్బులతో చనిపోయే అవకాశం మామూలు జనం కన్నా వాళ్లకు మూడున్నర రెట్లు ఉందని తేల్చారు. బంతిని తలతో కొట్టడమే కారణమై ఉండవచ్చని చాలామంది అనుమానం. 2020 నుంచి ఇంగ్లండులో చిన్నపిల్లలకు శిక్షణలో తలతో కొట్టడం నేర్పడం లేదు. మనం పతకాన్ని, సంతకం చేసిన బంతిని జ్ఞాపిక అంటాం. జ్ఞాపకం ఉంచుకునేందుకు కాబట్టి ఆ పేరు. జ్ఞాపికలన్నీ పరాయి ఇళ్ల అద్దాల్లో భద్రంగా ఉన్నాయి, ఆటగాడి జ్ఞాపకం మాత్రం పోయింది. ఇది చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. రోజూ తల మీద బస్తాలు మోసే మనుషుల పిల్లలం మనం. పని మనిషి ఒంట్లో ఏం మిగులుస్తుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అలాగని సేకరించేవాళ్లందరినీ నేను వెనకేసుకురావడం లేదు. అందులో వ్యాపారం ఉంది, దొంగ వ్యాపారం మరీ ఉంది. అమెరికాలో 1990లలో వాళ్ల నేరపరిశోధన సంస్థ ఎఫ్‌బీఐ దొంగ సంతకాల ముఠాల మీద పెద్ద దర్యాప్తు నడిపింది. పట్టుబడ్డ సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి! ఆమె కలకత్తాలో కూర్చుని బేస్‌బాల్ బంతుల మీద సంతకాలు పెట్టిందని నమ్మినవాళ్లున్నారంటే ఇక చెప్పేదేముంది. ఫుట్‌బాల్‌లోనూ అంతే. పాత రోజుల్లో జట్టు మొత్తం సంతకాలున్న బంతి కావాలని ఉత్తరం వస్తే క్లబ్ సిబ్బందో, కొత్తగా చేరిన కుర్రాళ్లో అందరి పేర్లూ గీకి పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. ధ్రువపత్రం ఉంది కదా అంటారు. ధ్రువపత్రం మీద ఉన్నదీ ఒక సంతకమే. దాన్ని ఎవరు ధ్రువీకరించాలి? గెజిటెడ్ అధికారా?

సంతకానికి రుసుం తీసుకునే మాజీ ఆటగాళ్లంటే కొందరికి చిరాకు. బ్రిటన్‌లో, అమెరికాలో బల్ల వేసుకుని కూర్చుని చొక్కాకింత, ఫొటోకింత అని తీసుకుంటారు. నాకైతే అది కూలి లాంటిదే. అతని సంతకం మీద ఎలాగూ ఎవరో ఒకరు సంపాదిస్తున్నారు, అతను సంపాదిస్తే వచ్చిన నష్టమేమిటి? ఒకే మనిషి ఇరవై చొక్కాలు పట్టుకొచ్చి, అభిమానినని చెప్పి ఉచితంగా రాయించుకుని సాయంత్రానికి అమ్ముకోవడం మాత్రం నాకు నచ్చదు. దానికి ఆటగాళ్లు కనిపెట్టిన మందు ఒకటుంది. 'ఫలానా వారికి' అని పేరు రాసి కింద సంతకం పెడతారు. పేరు రాసిన సంతకానికి బజారులో ధర పడిపోతుంది, ఎందుకంటే ఇంకొకడి పేరున్నది ఎవడు కొంటాడు? కాబట్టి మీరు ఎప్పుడైనా అడిగితే పేరు రాయించుకునే అడగండి. అమ్మడానికి పనికిరాని సంతకమే ఉంచుకోవడానికి పనికొస్తుంది.

ఇంగ్లండ్ దాకా పోయి మన ఇంటి వెనక చూడకపోతే తప్పవుతుంది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం గురించి మా పీజీ తరగతిలో అడిగాను. నలభై మందిలో ఒక్కరికీ తెలియదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశ ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, అందులో బలరాం ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియా మీద గెలిచి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. ఆ జట్లకు శిక్షణ ఇచ్చింది హైదరాబాద్ వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం, ఒకప్పటి బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరగకముందే, 1963 జూన్‌లో కాన్సర్‌తో పోయాడు. ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా 2024లో వచ్చింది కాబట్టి ఆ పేరు కొందరికైనా తెలిసింది. బలరాం అనారోగ్యంతో చిన్న వయసులోనే ఆట మానేయాల్సి వచ్చింది. అతనితో కలిసి ఆడిన పీకే బెనర్జీకి, చునీ గోస్వామికి పద్మశ్రీ ఇచ్చారు. బలరాంకు 1962లో అర్జున అవార్డు ఇచ్చారు, పద్మశ్రీ ఇవ్వలేదు. బెంగాల్‌లోని ఉత్తరపాడాలో ఉండి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. అర్ధ శతాబ్దానికి పైగా ఆయన బతికే ఉన్నాడు. రైలెక్కితే ఒక్క రాత్రి, ఒక్క పగలు ప్రయాణం. మనవైపు నుంచి ఎంతమంది పిల్లలు నోటుపుస్తకం పట్టుకుని ఆ గడప ఎక్కి ఉంటారు?

అందుకే నా అభిప్రాయం ఇది. మారడోనా చొక్కా మనం కొనలేం, కొననక్కర్లేదు. మనకు అందే దూరంలో రిటైరైన ఆటగాళ్లున్నారు. పోలీసు, రైల్వే, విద్యుత్ శాఖల జట్లకు ఆడి పింఛను తీసుకుంటున్నవాళ్లు, ఇంట్లో ఇనప్పెట్టె అడుగున పతకాలు పెట్టుకున్నవాళ్లు. మన పూర్వ విద్యార్థుల్లోనే ఒక పెద్దాయన ఉన్నారు. ఈ హాస్టల్ అన్నం తిని, వట్టికాళ్లతో ఆడి, శాఖ జట్టులో ఉద్యోగం తెచ్చుకున్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అలాంటివారి దగ్గరికి వెళ్లినప్పుడు సంతకం ఒక్కటే అడిగి రాకండి. ఏ తేదీన, ఏ ఊళ్లో, ఏ ఆట, ఎవరు కొట్టిన గోలు, ఆ రోజు ఏం తిన్నారు, దారి ఖర్చు ఎవరిచ్చారు, అన్నీ అడిగి సంతకం కింద రాసుకోండి. ఆ రాతే అసలైన ధ్రువపత్రం. పతకం ఇస్తామన్నా తీసుకోవద్దు, అది వాళ్ల ఇంటిది. ఫొటో తీసుకోండి చాలు. వాళ్లు ఎప్పుడైనా అమ్ముకోవాల్సి వస్తే ఎందుకమ్మారని అడగకండి.

గ్రంథాలయం గదిలో తాళం పోయిన గాజు బీరువా ఒకటి ఖాళీగా ఉంది. దానికి కొత్త తాళం వేయించే ఖర్చు ఈ ఏడాది పూర్వ విద్యార్థుల చందాలో నుంచి ఇవ్వాలని సంఘాన్ని కోరుతున్నాను. కింది అర నాకు వదిలిపెట్టండి. పెద్దాయన వార్షికోత్సవానికి వస్తామన్నారు. తెల్ల బంతి ఒకటి, చెరిగిపోని సిరా పెన్ను ఒకటి కొని ఉంచాను. ఆయన తెలుగులోనే సంతకం పెడతారు, ఒక్కో అక్షరం నింపాదిగా. వెనక నిలబడి తొందర పెట్టకండి.